దరఖాస్తులో అమ్మ పుట్టిన ఊరు

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలోని మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. తెల్లారగానే భూమి ఊగింది. చుట్టుపక్కల వాళ్లతో పాటు మేమూ ఇంట్లోంచి బయటికి వచ్చేశాం. కాసేపటికి సముద్రం వెనక్కి తగ్గిపోతోందని ఎవరో అరిచారు. అమ్మ, నేను, తమ్ముడు కట్టుబట్టలతో గుట్ట ఎక్కాం. పైనుంచి చూస్తుండగానే నీళ్లు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. మా ముగ్గురికీ ఏమీ కాలేదు. నికోబార్ వైపు ఊళ్లకు ఊళ్లే పోయాయని తర్వాత తెలిసింది. వాళ్ల ముందు మాది నష్టం అని చెప్పుకోవడానికి కూడా నోరు రాలేదు.

రెండు రోజుల తర్వాత దిగి వచ్చి చూస్తే వెనక గది గోడ కూలిపోయి ఉంది. మంచం కింద ఉండే రేకు పెట్టె లేదు. నాన్న పెన్షన్ కాగితాలు, ఇంటి పత్రాలు, నా చదువు సర్టిఫికెట్లు అందులోనే ఉండేవి. నాన్న అప్పటికి మూడేళ్ల క్రితం పోయాడు. ఆయన కుర్రతనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, హార్బర్‌లో పనికి కుదిరి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ పెట్టె అడుగున అమ్మది ఒక ఖాకీ కవరు కూడా ఉండేది. ఆమె దాన్ని మా ముందు ఎన్నడూ విప్పలేదు. అమ్మ బురదలో కర్రతో కెలుకుతూ వారం రోజులు వెతికింది. నాన్న కాగితాల కోసమని నేను అనుకున్నాను. కాదట, ఆ కవరు కోసమట.

అమ్మ చిన్నప్పుడు బర్మా నుంచి వచ్చిందని మాకు తెలుసు. తాతయ్య రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. అక్కడి ప్రభుత్వం మనవాళ్లను పొమ్మన్న రోజుల్లో తాతయ్య, అమ్మమ్మ, పదకొండేళ్ల అమ్మ ఓడెక్కి వైజాగ్‌లో దిగారు. ఇంతవరకే చెప్పేది. ఇంకేమైనా అడిగితే, "అయిపోయిన సంగతులు ఇప్పుడెందుకే" అని పనిలో పడేది.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బడిలో తెలుగు టీచరుగా పనిచేసేదాన్ని. సునామీ తర్వాత బడి శిబిరమైంది. నికోబార్ నుంచి ఓడల్లో వచ్చి దిగినవాళ్ల పేర్లు రాసే పని మాకు అప్పగించారు. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అని అడిగి రాసుకోవడమే పని. ఆ పనిలో ఉండగానే ఒకరోజు మా ఊరి నుంచి, అంటే తాతయ్య సొంత ఊరి నుంచి, ఒక ఉత్తరం వచ్చింది. లోపల ఇంకో ఉత్తరం ఉంది. దాని మీద బర్మా స్టాంపు.

లోపలి ఉత్తరం తెలుగులోనే ఉంది. అక్షరాలు పెద్దవి, వంకరవి. రంగూన్‌లో ఉండే ఎవరో తెలుగు పెద్దమనిషి, ఒకామె చెబుతుంటే రాసి పెట్టాడు. 'అండమాన్ దీవుల మీదికి సముద్రం వచ్చి జనం పోయారని రేడియోలో విన్నాము. మా అప్ప అక్కడే ఉండాలి. బతికి ఉందో లేదో తెలిసినవారు ఒక్క ముక్క రాయవలెను. ఇట్లు, ఆమె చెల్లెలు.'

మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఉత్తరం పైకి చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గర ఆగిపోయాను.

"అమ్మా, నీకు చెల్లెలుందా?"

అమ్మ బట్టలు మడత పెడుతోంది. ఆపలేదు. "ఉంది," అంది. "నాలుగేళ్ల పిల్ల. దాన్ని మా మేనత్త దగ్గిర వదిలీసి వొచ్చాం. సర్కారోళ్లు దాన్ని ఓడెక్కనివ్వలేదని నాన్న సెప్పీవోడు. కాగితాల్లో దాని పేరు లేదట. ఎనక ఓడలో వొస్తాదన్నాడు. ఎన్ని ఓడలొచ్చినా అది రాలేదు."

అమ్మమ్మ బతికి ఉండగా ఏడాదికో ఉత్తరం వచ్చేదట. అమ్మమ్మ పోయాక అదీ లేదు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నాకొక పిన్ని ఉందన్న సంగతి ఆ రోజే తెలిసింది. అమ్మ మీద కోపం రావాలి గాని రాలేదు. శిబిరంలో రోజూ అలాంటి సంగతులే వింటున్నాను కాబట్టి కాబోలు.

జవాబు రాశాను. నెల తర్వాత ఫోను వచ్చింది. నాలుగు దశాబ్దాల తర్వాత అక్కచెల్లెళ్లు మాట్లాడుకున్నది మూడు నిమిషాలు. అందులో సగం 'వినబడుతోందా' అనుకోవడంతోనే సరిపోయింది. ఫోను పెట్టేసి అమ్మ నా వైపు తిరిగింది. "నాను ఎల్లాలి," అంది. "ఒక్కసారి సూసి వొచ్చీస్తాను. పాస్‌పోర్టు కావాలంట కదా. సూడు."

బర్మా పౌరులు అండమాన్‌కు రావాలంటే ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. కాబట్టి అమ్మే వెళ్లడం సులువని మాకూ అనిపించింది. పాస్‌పోర్టు ఫారం తెచ్చాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వరకు బాగానే నింపాను. జన్మస్థలం దగ్గర రంగూన్ అని రాశాను. కాగితం పుచ్చుకున్న గుమాస్తా దాన్ని చదివి, మర్యాదగానే వెనక్కి ఇచ్చాడు.

"మేడమ్, బయటి దేశంలో పుట్టినామె కదా. భారత పౌరురాలని రుజువు ఏదైనా తెండి. అది లేకుండా ఫైలు ముందుకు కదలదు."

"ఓటరు కార్డు ఉంది కదండీ?"

"కార్డులో జన్మస్థలం శ్రీకాకుళం జిల్లా అని ఉంది. ఫారంలో రంగూన్ అని ఉంది. రెండిట్లో ఏది నిజమో ముందు మీరు తేల్చుకోండి."

ఓటరు కార్డులో అలా పడడానికి కారణం చిన్నది. ఎప్పుడో పేర్లు రాసుకోవడానికి వచ్చిన మనిషి హిందీలో మీ ఊరేది అని అడిగాడట. నాన్న శ్రీకాకుళం జిల్లా అని చెప్పాడు. పుట్టిందెక్కడ అని అతను విడిగా అడగలేదు, నాన్న చెప్పలేదు. అప్పటి నుంచి రేషన్ కార్డులో, బ్యాంకులో, అన్నిచోట్లా అదే ఎక్కింది.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ జరిగింది. తమ్ముడికి అప్పుడే ప్రభుత్వ ఉద్యోగం పర్మనెంట్ అయింది. వాడికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం అంతంత మాత్రం. కోపం వస్తే హిందీలోకి వెళ్లిపోతాడు.

"అప్పా, నువ్వు రంగూన్ అని ఎందుకు రాశావ్? క్యా జరూరత్ థా? సునామీలో కాగజ్ అన్నీ పోయాయి. శ్రీకాకుళంలో పుట్టిందని ఒక ఆఫిడవిట్ ఇస్తే అయిపోద్ది. సగం పోర్ట్ బ్లెయిర్ అదే చేస్తోంది. ఎవడు చూస్తాడు?"

"వాళ్లవి నిజంగానే పోయాయిరా."

"మనవీ పోయాయి కదా! రేపు అమ్మ ఫారినర్ అని రాస్తే నా నౌకరీ సంగతేంటి? నేను ఇండియన్ కాదంటే?"

నాకూ లోపల అదే భయం ఉంది. నిజం చెప్పాలంటే, వాడు చెప్పినట్టు చేస్తే పోలేదా అని ఆ సాయంత్రం నేనూ అనుకున్నాను.

అమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "ఒరే, నాను సిరికాకుళంలో పుట్టేనని రాస్తే, రంగూన్‌లో పుట్టిన పిల్ల నాకు సెల్లెలెలాగవుద్దిరా? రేపు ఆ దేసంలో ఈవిడ నీకేటవుద్ది అని అడిగితే ఏటని సెప్పాలి?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "వకీలు ఎవులైనా ఉంటే కనుక్కో," అంది.

తోటి టీచరు ఒకామె ఊళ్లోనే మిడిల్ పాయింట్‌లో ఉన్న ఒక లాయరు గురించి చెప్పింది. హార్డ్‌వేర్ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. లాయరు యాభై దాటిన మనిషి; దేశ విభజన తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబంలో పుట్టింది. అందరూ దీదీ అనేవారు, మేమూ అలాగే అన్నాం. కోర్టులో ఇంగ్లీషు, మాతో హిందీ. అమ్మను అమ్మాజీ అని పిలిచేది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు కరెంటు లేదు. ఆమె కిటికీ పక్కకు కుర్చీ జరుపుకొని, గంటసేపు ఏమీ రాసుకోకుండా విన్నది.

ముందు తమ్ముడి భయం తీర్చింది. "నువ్వు ఎక్కడ పుట్టావు?"

"ఇక్కడే. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో."

"మీ నాన్న భారతీయుడే కదా. నువ్వూ మీ అక్కా పుట్టుకతోనే భారతీయులు. మీ అమ్మ కాగితంలో ఏం తేలినా మిమ్మల్ని అది తాకదు. నిశ్చింతగా పడుకో."

అమ్మ సంగతి అంత తేలిక కాదని చెప్పింది. తాతయ్య రంగూన్‌లో ఉండగానే మన ఎంబసీలో పౌరుడిగా పేరు రాయించుకొని ఉంటే ఒక లెక్క. రాయించుకోకపోతే ఇంకో లెక్క. రుజువు ఆ ఖాకీ కవరులో ఉండి ఉండవచ్చు; అందులో తాతయ్య ఇచ్చిన ఇంగ్లీషు కాగితాలున్నాయని తప్ప అమ్మకు తెలియదు. ఇప్పుడు అది లేదు. కాబట్టి ఉన్న దారి ఒక్కటే: భారత సంతతి మనిషినని, ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నానని చెప్పి, పౌరసత్వం కోసం నమోదుకు దరఖాస్తు పెట్టుకోవడం.

"కాని దీనిలో ఒక చిక్కుంది," అంది దీదీ. "దరఖాస్తు పెట్టడం అంటే, నేను పౌరురాలిని కాకపోవచ్చు అని మీ అంతట మీరే ప్రభుత్వానికి రాసివ్వడం. ఓటరు కార్డు ఎలా వచ్చిందని అడుగుతారు. చెప్పాలి. ఏళ్లు పడుతుంది. తప్పకుండా వస్తుందని నేను మాట ఇవ్వలేను. మీ అబ్బాయి చెప్పిన ఆఫిడవిట్ దారి దగ్గరి దారే. కాని ఆ కాగితం నేను రాయను. రాసేవాళ్లు దొరుకుతారు."

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. హిందీ అమ్మకు బాగానే వచ్చు, కాని ఇలాంటి మాటలు తెలుగులో వినాలని అడిగింది. విని, "ఏళ్లు పట్టినా పర్నేదు, పెట్టమను," అంది. తమ్ముడు లేచి బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడ్డాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఈ విషయం మీద వాడు నాతో మాట్లాడలేదు. కాని ఎప్పుడు సంతకం కావాలన్నా వచ్చి పెట్టి వెళ్లేవాడు.

రుజువుల వేట నా వంతు అయింది. తాతయ్య భారతదేశంలో పుట్టాడని చూపాలి. అమ్మ ఓడ దిగిందని చూపాలి. వేసవి సెలవుల్లో ఓడెక్కి వైజాగ్ వెళ్లాను. మూడు రోజుల ప్రయాణం. ఊళ్లో పాత భూమి పుస్తకంలో తాతయ్య పేరు, ఆయన తండ్రి పేరు దొరికాయి. బడి రిజిస్టరులో తాతయ్య రెండో తరగతి వరకు చదివినట్టు ఉంది. వాటికి నకళ్లు తీయించుకున్నాను. అది పెద్ద కష్టం కాలేదు.

రెండోది కష్టమైంది. బర్మా నుంచి వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్న పుస్తకాలు వైజాగ్‌లో ఒక పాత గదిలో ఉంటాయని దీదీ చెప్పి, ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. ఆ గది చూసుకునే ముసలాయన ఉత్తరం చదివి నన్ను ఎగాదిగా చూశాడు.

"అండమాన్ నుంచొచ్చేరా తల్లీ, దీనికోసం? ఈ పుస్తకాలు సూడ్డానికి ఎవులూ రారు. ఓడ పేరేటి?"

ఓడ పేరు అమ్మకు తెలియదు. ఏ నెలో తెలియదు. వానలు పడుతున్నాయని మాత్రం గుర్తు. ఆయన వానాకాలం పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు రోజులు వెతికాను. నాలుగో రోజు మధ్యాహ్నం తాతయ్య పేరు కనిపించింది. పేరు, ఊరు, మిల్లు పని. దాని కింద అమ్మమ్మ. దాని కింద పెద్ద కూతురు, వయసు పదకొండు. దాని కింద ఇంకొక వరుస ఉంది. చిన్న కూతురు, వయసు నాలుగు. ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాశారు: 'ఓడ ఎక్కలేదు. తల్లిదండ్రుల ఇష్టప్రకారం బంధువుల వద్ద ఉంచబడినది.'

నేను దాన్ని మూడు నాలుగు సార్లు చదివాను. ముసలాయన వచ్చి, "దొరికిందేటమ్మా?" అన్నాడు. దొరికిందన్నాను. "మరి ఆ మొకం అలాగెట్టేరేటి?" అన్నాడు. నకలు కావాలని అడిగాను.

తిరుగు ప్రయాణంలో ఓడలో మూడు రోజులూ ఆ కాగితం నా సంచిలో ఉంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. పై మూడు వరుసలు చాలు, నాలుగోది చెప్పనక్కర లేదు అనుకున్నాను. సర్కారోళ్లు ఎక్కనివ్వలేదన్న మాట మీదే ఆమె ఇన్నేళ్లు బతికింది. అమ్మ మేనత్తకు, అంటే తాతయ్య చెల్లెలికి, పిల్లలు లేరని ఊళ్లో చెప్పారు. ఆమె భర్త బర్మా పౌరసత్వం తీసుకొని అక్కడే ఉండిపోయాడు. జరిగిందేమిటో ఊహించడానికి ఇంకేమీ అక్కర లేదు.

మిడిల్ పాయింట్‌కు వెళ్లి దీదీకి ఆ కాగితం ఇచ్చాను. ఆమె మొహం వెలిగిపోయింది. "ఇంతకన్నా ఏం కావాలి? ఓడ, తేదీ, వయసు, అన్నీ ఉన్నాయి. పైగా చెల్లెలు కూడా ఉంది."

"దీదీ, ఆ నాలుగో వరుస లేకుండా పంపలేమా?"

ఆమె మళ్లీ చదివింది. ఈసారి నెమ్మదిగా. కాగితం బల్ల మీద పెట్టి, "లేదు," అంది. "పేజీ అంటే పేజీ మొత్తం. ఇంకో సంగతి. అమ్మాజీ ఆఫిడవిట్ మీద సంతకం పెట్టాలి. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించినట్టు కింద రాయాలి. జత చేసిన కాగితాలతో సహా. చదివేది నువ్వే. ఒక్క మాట వదలకూడదు."

"ముందే ఇంట్లో చెప్పేస్తాను."

"అది నీ ఇష్టం. కాని ఇక్కడ మళ్లీ చదవాలి."

ఇంట్లో చెప్పలేకపోయాను. పది రోజులు అవకాశం ఉంది. ప్రతి రోజూ సాయంత్రం చెబుదాం అనుకొని మానేశాను. చివరికి దీదీ ఆఫీసులోనే, నోటరీ ఎదురుగా, పిల్లలకు పాఠం చదివినట్టు చదివాను. ఆఫిడవిట్ ఐదు పేజీలు. అమ్మ ప్రతి పేరాకు తల ఊపింది. ఓడ పుస్తకం నకలు దగ్గరకు వచ్చేసరికి నా చదువు నెమ్మదించింది. ఆమె నా వైపు చూసింది. నాలుగో వరుస చదివాను. ఎర్ర సిరాతో కొట్టేసి ఉందని కూడా చెప్పాను.

"మల్లీ సదువు," అంది.

చదివాను.

"ఇస్టప్రకారమా?"

"అలాగే ఉందమ్మా."

"దాని పేరు కాగితంలో ఉన్నట్టేనా?"

"ఉంది."

ఫ్యాను తిరుగుతోంది. కింద దుకాణంలో ఎవరో ఇనుప రేకులు దింపుతున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంటుందేమో అని నేను చూస్తున్నాను. తుడుచుకోలేదు. చెయ్యి చాపి పెన్ను అడిగింది. తెలుగులో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఐదు పేజీల మీదా నకళ్ల మీదా సంతకం పెట్టింది. మెట్లు దిగాక మాత్రం ఆటో ఎక్కనంది. మిడిల్ పాయింట్ నుంచి మిన్నీ బే దాకా ఎండలో నడిచాం. దారిలో ఒక్క మాటే అంది. "మా యమ్మ పోయీ ముందు దాని పేరే పిలిసింది. నన్నొక్కసారీ పిలవలేదు. నాకప్పుడు కోపమొచ్చింది."

ఫైలు ఢిల్లీకి వెళ్లింది. తర్వాత ఎదురుచూడడమే. ఏడాదికి విచారణ కోసం మామూలు బట్టల్లో ఒక పోలీసు ఆయన వచ్చాడు. టీ తాగాడు. బర్మాలో ఎవరున్నారు, ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు, ఓటరు కార్డు ఎలా వచ్చింది అని అడిగి రాసుకున్నాడు. అమ్మ అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చివర్లో ఆయన, "మాతాజీ, నలభై ఏళ్లు గమ్మున ఉండి ఇప్పుడెందుకు ఇదంతా?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టు ఉంది. అమ్మ, "అప్పుడెవులూ అడగలేదు బాబూ," అంది హిందీలో. ఆయన అది కూడా రాసుకున్నాడు.

మధ్యలో ఒక వేసవిలో ఇరావతి డెల్టా మీద పెద్ద తుఫాను పడింది. రంగూన్‌లో చెట్లు కూలాయని, లెక్కలేనంత మంది పోయారని వార్తలు. ఫోను కలవలేదు. ఈసారి అమ్మ ఉత్తరం రాయించింది. నేనే రాశాను. 'చెల్లీ, బతికున్నావా, ఒక్క ముక్క రాయించు.' ముప్పై ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది. ఇంటి పైకప్పు పోయిందట, మనుషులు బాగున్నారట. ఆ ముప్పై ఎనిమిది రోజుల్లో తమ్ముడు రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఫోను బూత్ దగ్గర ఆగి ప్రయత్నించేవాడని తర్వాత తెలిసింది. మాకు చెప్పలేదు. ఉత్తరం వచ్చిన కొన్నాళ్లకు ఫోను కలిసిన రోజు ఆ నంబరు చీటీ అమ్మ చేతిలో పెట్టి, "పిన్ని బాగానే ఉంది. నాతో మాట్లాడింది. ఆమె తెలుగు నాకన్నా మేలు," అన్నాడు.

తుఫాను తర్వాతి ఏడాది దీదీ ఫోను చేసి, "అమ్మాజీని మంచి చీర కట్టుకోమను," అంది. అధికారి ముందు ప్రమాణం చేయించాలి. హిందీలో ఇచ్చిన ప్రమాణాన్ని అమ్మ నాలుగు రోజులు వల్లె వేసింది. అక్కడ మాత్రం సగంలో మరచిపోయింది. అధికారి నవ్వి, తాను ఒక్కో ముక్క చెబుతుంటే అమ్మ చేత అనిపించాడు. పది నిమిషాల్లో అయిపోయింది. సర్టిఫికెట్ మీద జన్మస్థలం రంగూన్ అనే ఉంది. దీదీ ఫైలు మూసి తాడు కట్టింది. అమ్మ ఆమె చేతులు పట్టుకుంది. "అరే అమ్మాజీ, మా నాన్న కూడా ఇలాగే ఏళ్లు తిరిగాడు," అంది దీదీ. ఆమె తన గురించి చెప్పిన మాట అదొక్కటే.

పాస్‌పోర్టు, వీసా అయ్యేసరికి ఇంకో ఏడాది. కలకత్తా వెళ్లి అక్కడి నుంచి విమానం ఎక్కాం. రంగూన్ విమానాశ్రయంలో కుర్చీలోని అధికారి అమ్మ పాస్‌పోర్టు చూసి, తలెత్తి, బర్మీస్‌లో ఏదో అడిగాడు. అమ్మ అదే భాషలో నాలుగైదు మాటలు చెప్పింది. అప్పటిదాకా ఆమె నోట ఆ భాష నేను వినలేదు. ఏమన్నావని అడిగితే, "మా ఈది పేరు అడిగేడు, సెప్పేను," అంది.

పిన్ని బయట నిలబడి ఉంది. లుంగీ, తెల్ల జాకెట్టు, బుగ్గల మీద తనకా అనే చెట్టు బెరడు అరగదీసిన పూత. అమ్మకన్నా పొడుగు. ఇద్దరూ కావలించుకోలేదు. పిన్ని అమ్మ చేతిలోని సంచి తీసుకొని, "నడవగలవా అప్పా?" అంది. అమ్మ నడవగలనంది.

మేం పద్దెనిమిది రోజులున్నాం. పిన్ని ఇల్లు చెక్కతో కట్టింది, రెండు గదులు. ఆమె భర్త బర్మీయుడు, మాటలు తక్కువ. ఆమె తెలుగు విచిత్రంగా ఉండేది. మా అమ్మమ్మ కాలం మాటలు, మధ్యలో బర్మీస్. అమ్మ తెలుగులో సగం హిందీ. ఒకరి మాట ఒకరికి అర్థం కానప్పుడు నా వైపు చూసేవాళ్లు. నాకూ తెలియకపోతే నవ్వేవాళ్లు.

అమ్మ ఆ కాగితం సంగతి చెబుతుందా లేదా అని నేను రోజూ చూసేదాన్ని. ఐదో రోజు మధ్యాహ్నం వరండాలో చింతకాయలు ఒలుస్తూ ఉండగా అమ్మే మొదలుపెట్టింది. "నిన్ను ఓడెక్కనివ్వలేదని నాన్న సెప్పీవోడు," అంది. చేతిలో కాయ ఒలిచి పళ్లెంలో వేసింది. "అది నిజం కాదంట సెల్లీ. నీ పేరు కాగితంలో ఉంది. నాను సూసేను."

పిన్ని చేతిలో పని ఆపలేదు. "తెలుసు అప్పా. అత్త పోయేముందు చెప్పేసింది. ఆమెకి పిల్లల్లేరు. నాన్న నన్నిచ్చేసినాడు. నాన్నే ఎత్తుకొచ్చి ఆమె చేతిలో పెట్టినాడంట."

"నీకు కోపం రానేదా?"

"వచ్చింది. రెండేళ్లు అత్త ఫోటోకి దణ్ణం పెట్టలేదు. తర్వాత పెట్టినాను. బాగా చూసుకుంది మరి నన్ను." ఇంకో కాయ అందుకుంటూ అంది, "నువ్వు దాన్ని ఇన్నాళ్లు మోస్తన్నావా?"

అమ్మ ఏడ్చింది. నా ముందు అమ్మ ఏడవడం నాన్న పోయినప్పటి తర్వాత అదే మొదటిసారి. పిన్ని ఓదార్చలేదు. చింతకాయల పళ్లెం పక్కకు జరిపి అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత అక్కచెల్లెళ్లు మామూలుగా ఉన్నారు. రెండుసార్లు పోట్లాడుకున్నారు కూడా. ఒకసారి అమ్మమ్మ రంగు గురించి, ఇంకోసారి అమ్మ అంత ఉప్పు తినకూడదని. చివరి రోజున పిన్ని మాతో పాటు విమానాశ్రయానికి వచ్చి, అద్దం అవతలే చాలాసేపు నిలబడింది.

తర్వాతి ఏళ్లలో పిన్ని ఒకసారి కలకత్తా మీదుగా వైజాగ్ వచ్చింది. అమ్మ ఇక్కడి నుంచి ఓడలో వెళ్లి కలుసుకుంది. ఇద్దరూ తాతయ్య ఊళ్లో నెల రోజులున్నారు. పిన్ని అండమాన్‌కు రావడానికి అనుమతి కోసం దీదీ చేతనే దరఖాస్తు రాయించాం. ఒకసారి జవాబు రాలేదు. రెండోసారి ఇంకో కాగితం అడిగారు. అది పంపాం. దీదీ ఇప్పుడు కోర్టుకు వెళ్లడం లేదు గాని, ఆఫీసు తీసే రోజుల్లో తమ్ముడు వెళ్లి కనుక్కొని వస్తాడు. ఢిల్లీలో ఆ ఫైలు ఇంకా చూస్తున్నారట.